గడి తప్పిన బోట్లు

“వచ్చేసిందే వేణీ, వచ్చేసింది, మీ అన్న బోటు పారదీప్ చేరిపోయిందంట, అబ్బులు కంప్యూటర్లో చూసి చదివాడే, నేను కూడా చూశాను, నూకాలమ్మ దీవెన అని ఉంది, దాని పక్కనే పారదీప్ అని ఉంది” అంటూ అమ్మ ఒక్క ఊపిరిలో చెప్పేస్తుంటే సెల్‌ఫోను చెవికి ఆనించుకున్న వీరవేణికి కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి, ఆ నీళ్ళలోంచే ఎదురుగా ఉన్న తెర కనిపించింది, తెర మీద నూకాలమ్మ దీవెన పక్కన ఏమీ లేదు. తెల్లగా ఉంది. ఉప్పాడ నెట్ సెంటర్లో అమ్మ చూసిన పేజీ, కాకినాడ భానుగుడి సెంటర్లో మందుల షాపు మీద ఉన్న ఈ ఆఫీసులో తను చూస్తున్న పేజీ ఒకటే, తను రాసిందే, పొద్దున్నుంచీ అందులో ఏ రేవు పేరు చేరినా అది తన వేళ్ళతో కొట్టిందే. వాయుగుండానికి హార్బర్లో నెట్ పోయిందని బోటు యజమానుల సంఘం ఆఫీసు నుంచి లాజరు గారు ఒక్కో కబురూ ఫోన్లో చెబుతుంటే తనే ఎక్కిస్తోంది. పారదీప్ అని ఒక్కసారే కొట్టింది, అదీ గంగాభవాని బోటుకి, పక్కింటి అప్పాయమ్మత్త మొగుడు చిట్టియ్య మామ వెళ్ళిన బోటుకి. అన్న బోటుకి కొట్టలేదు. కొట్టి ఉంటే ఆ వేళ్ళు మర్చిపోతాయా, అన్న సురేష్‌బాబు బోటు పక్కన పారదీప్ అని కొట్టిన వేళ్ళు! అమ్మ ఇంకా మాట్లాడుతూనే ఉంది, నవ్వుతోంది, నూకాలమ్మ తల్లికి చీర పెడతానంటోంది, అంతలో గొంతు తగ్గించి, “పాపం అప్పాయమ్మేనే, వాళ్ళ గంగాభవాని పక్కన ఖాళీగా ఉంది, బయట ఇసకలో కూలబడిపోయి ఏడుస్తుంది, దాని ముందు నవ్వడానికి కూడా నాకు సిగ్గేస్తుంది” అంది.

వీరవేణి తెర మీద గంగాభవాని వరస మళ్ళీ చూసింది, పారదీప్ దాని పక్కనే ఉంది. “అమ్మా, ఒక్కసారి అబ్బులన్నకివ్వు ఫోను.”

నెట్ సెంటర్ అబ్బులు లైన్లోకొచ్చాడు. పైనుంచి ఒక్కో పేరూ, దాని పక్కనేముందో అదీ చదవమంది. అతను చదువుతుంటే తన తెర మీద వేలితో పోల్చుకుంటూ దిగింది, మొదటిది సరిపోయింది, రెండోది సరిపోయింది, ఆ తర్వాత అబ్బులు కాస్త తడబడి, “శ్రీ వీరవేంకట సత్యనారాయణస్వామి ప్రసాదం… ఈ పేరు రెండు లైన్లొచ్చిందమ్మా, స్వామి దాకా పైన, ప్రసాదం కింద” అన్నాడు. తన తెర మీద అది ఒకే లైను. ఇంకేమీ చదవక్కర్లేదు, తెలిసిపోయింది. ఎడమ పక్క పేర్లన్నీ ఒక నిలువు వరస, కుడి పక్క రేవులన్నీ ఇంకో నిలువు వరస, రెండూ భుజం భుజం ఆనించి నిలబెట్టింది తను, కానీ ఒకదానికొకటి కట్టలేదు. తన ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్లో సమంగానే నిలబడ్డాయి. అబ్బులు దగ్గరున్న పాత ఎక్స్‌ప్లోరర్ గడి వెడల్పుని వేరేగా లెక్కకడుతుంది, అంచున వదిలిన ఖాళీని కూడా వెడల్పులోనే కలిపేసుకుంటుంది, దాంతో అన్నవరం దేవుడి పేరు పట్టక ఒక ముక్క కిందికి దిగింది, దిగగానే ఆ కిందున్న బోట్లన్నీ ఒక మెట్టు జారాయి, కుడి పక్క రేవులకి ఆ సంగతి తెలియదు, ఎక్కడివక్కడే ఉన్నాయి. చిట్టియ్య మామ పక్కన ఉండాల్సిన పారదీప్ వచ్చి అన్న పక్కన కూర్చుంది. గంగాభవాని కిందున్న, ఇంకా కబురు రాని బోటు ఖాళీ వెళ్ళి అప్పాయమ్మత్త పక్కన కూర్చుంది.

“అన్నా, ఆ పేజీ తప్పు. ఎవరికీ చదవకు.”

“చదివేశాను కదమ్మా అందరికీ. ఇప్పుడు నోటితో తప్పంటే ఎవరు నమ్ముతారమ్మా? కంటితో చూశారు. పేజీలోనే కనపడాలి.”

“గంగాభవాని బోటు…” అనేలోపు సిగ్నల్ పోయింది. మళ్ళీ చేసింది, మళ్ళీ చేసింది, మీరు ప్రయత్నిస్తున్న చందాదారుడు అంటూ అదే ఆడగొంతు, వానకీ గాలికీ సంబంధం లేనట్టు ఎంత తీరుబడిగా మాట్లాడుతుందో.

ఉప్పాడ ఒక్కటే అయితే పోనీ, కోనపాపపేట, అవతల తుని వైపు పెరుమాళ్ళపురం, ఎక్కడ నెట్ సెంటరున్నా ఇదే ఎక్స్‌ప్లోరర్, ఎక్కడ చూసినా ఇదే జారుడు, ఈ క్షణాన ఎంతమంది ఇసకలో కూలబడ్డారో, ఎంతమంది లేని కబురుకి కొబ్బరికాయ కొట్టారో. ఇంతకు ముందు ఈ పేజీ లేనప్పుడే నయమా? అప్పుడు తుఫానంటే ఒడ్డున నిలబడడమే, బోటు గోపాల్‌పూర్‌లోనో విశాఖలోనో క్షేమంగా తాడు కట్టుకునుంటే ఇక్కడ వీళ్ళు సముద్రాన్ని చూసి గుండెలు బాదుకోవడమే. ఏ రేవులో ఏ బోటు ఆగిందో కబుర్లన్నీ సంఘం ఆఫీసుకి వస్తాయి, లాజరు గారు అరిచి చెబితే హార్బర్లో ఉన్నవాళ్ళకి తెలుస్తుంది, ఊళ్ళకి చేరేసరికి ఒకటి నాలుగవుతుంది. అందుకే సంఘం వాళ్ళు ఈ పేజీ అడిగారు, అందుకే శశిభూషణ్ గారు, ఈ వెబ్‌పేజీల ఆఫీసు ఆయనదే, “వేణీ, ఇది నీ మనుషుల పనమ్మా, మొదట్నుంచి చివరిదాకా నువ్వే చెయ్యి” అన్నారు. బోటు నంబర్లు పెట్టింది మొదట. అన్న చూసి నవ్వాడు. నంబరు చూసి అమ్మ ఏం చదువుతుందే, బోటుకి పేరుంటుంది, మనిషికున్నట్టు, తెలుగులో రాయి, అన్నాడు. రాసింది. ఎంత బాగున్నాయో ఆ పేర్లు తెర మీద, ఒత్తులూ గుణింతాలూ దేనికది కుదిరి, నూకాలమ్మ దీవెన, గంగాభవాని, శ్రీ వీరవేంకట…

వదిలేస్తే? ఆ మాట ఎక్కణ్ణించొచ్చిందో వచ్చింది. ఒక గంట వదిలేస్తే అన్న నిజంగానే చేరుతాడేమో, చేరితే ఈ అబద్ధమే నిజమైపోతుంది, అమ్మ నవ్వు నవ్వులాగే ఉండిపోతుంది, మొన్నటి నుంచీ ముద్ద మింగలేదు అమ్మ, ఇప్పుడిప్పుడే ఆ గొంతులో ప్రాణం వచ్చింది, పేజీ బాగుచెయ్యడమంటే ఏంటి, తన చేత్తో అమ్మ దగ్గర్నుంచి అన్నని లాక్కోవడం, అంతే కదా. కానీ ఆ పారదీప్ అమ్మది కాదు. అప్పాయమ్మత్తది. చిన్నప్పుడు తనకి జ్వరమొస్తే వాళ్ళింట్లో జావ కాసి గిన్నె పట్టుకొచ్చే అప్పాయమ్మత్త. ఆవిడ ఇసకలో ఉంది, ఆవిడ మొగుడు పారదీప్ రేవులో తడిబట్టలు పిండుకుంటున్నాడు. వీరవేణి లేచింది.

ఆఫీసులో ఇంకెవరూ లేరు. గాలివాన అని ఎవరూ రాలేదు, శశిభూషణ్ గారు రాజమండ్రిలో ఇరుక్కుపోయారు. కరెంటు ఎప్పుడో పోయింది, ఇన్వర్టరు మీద నడుస్తోంది, కింద మందుల షాపు షట్టరు గాలికి దడదడలాడుతోంది. మూలనున్న పాత కంప్యూటరు మీద గుడ్డ తీసింది. అది లెక్కల మెషిను, దాంట్లోనే ఉంది పాత ఎక్స్‌ప్లోరర్. లేవడానికి ఎంతసేపు తీసుకుంటుందో, మూలుగుతుంది, ఆగుతుంది, మళ్ళీ మూలుగుతుంది, నాన్న మోకాళ్ళ నొప్పులతో అరుగు మీంచి లేచినట్టు. నాన్న వేటకి మానేశాక అన్న ఇంటర్ మధ్యలో వదిలేసి బోటెక్కాడు. ఎక్కినరోజు ఏమీ మాట్లాడలేదు, వారం పోయాక ఒళ్ళంతా ఉప్పు కట్టి వచ్చి, నువ్వు చదువు, నాకు నీళ్ళంటేనే ఇష్టం అన్నాడు. ఇష్టమో కాదో ఎవరికి తెలుసు. పాలిటెక్నిక్‌లో మొదటిసారి తను చేసిన పేజీ చూపిస్తే, ఇదేంటే, బొమ్మలు సర్దుకోవడమేనా చదువంటే, అని ఏడిపించాడు, మర్నాడు ఊళ్ళో అందరికీ తనే చెప్పాడు, మా చెల్లి ఢిల్లీలో వాళ్ళు కూడా చూసే పేజీలు చేస్తుందని. లేచింది మెషిను. ఎక్స్‌ప్లోరర్ తెరిచింది. పేజీ వచ్చింది. అచ్చం అబ్బులు చదివినట్టే, స్వామి పైన, ప్రసాదం కింద, అన్న పక్కన పారదీప్. తప్పని తెలిసి కూడా చూడబుద్ధేసింది. చూసింది, కళ్ళు తుడుచుకుని కూర్చుంది.

అక్షరం కాస్త చిన్నది చేస్తే పేరు పడుతుంది. చేసింది, పట్టింది, వరసలు కలిశాయి, ఇంతేనా అనిపించింది. అంతలో గుర్తొచ్చింది, అబ్బులు తన ఎక్స్‌ప్లోరర్లో అక్షరాల సైజు అన్నిటికంటే పెద్దది పెట్టుకుంటాడు, వెనక నిలబడ్డ ఆడవాళ్ళకి కూడా కనపడాలి కదమ్మా అంటాడు. ఇక్కడా పెద్దది పెట్టి చూసింది. మళ్ళీ ప్రసాదం కిందికి దిగింది. ఎవరూ పెద్దది చేసుకోలేకుండా సైజుని బిగించెయ్యొచ్చు, ఒక్క ముక్క మారిస్తే చాలు, అప్పుడు జారదు, కానీ అమ్మ చదవలేదు. అయిదో తరగతి చదివిన అమ్మ, కూడబలుక్కుని చదువుతుంది, చదివితేనే నమ్ముతుంది, చిన్న అక్షరాలైతే మళ్ళీ ఇంకొకళ్ళ నోటి మీదే ఆధారపడాలి. కుదరదు. పోనీ ఆ పొడుగు పేరు తుంచేస్తే? సత్యదేవ అని పెట్టేస్తే? తుంచడానికి తనెవరు, ఆ బోటు వాళ్ళు రత్నగిరి మెట్లెక్కి వ్రతం చేసుకుని పెట్టుకున్న పేరది, వాళ్ళ ఆడవాళ్ళు కూడా ఎక్కడో తెర ముందు నిలబడి ఆ పేరు కోసమే వెతుకుతుంటారు. పేరు ఎంతుంటే అంత ఉండాలి. అక్షరం ఎంత కావాలంటే అంత పెరగాలి. అయినా జారకూడదు. పేరుని లాగితే రేవూ రావాలి, పేరు కిందికి దిగితే రేవూ దానితోపాటు దిగాలి, మొగుడూ పెళ్ళాల కొంగులు ముడేసినట్టు. అంటే టేబుల్. ఒక బోటుకి ఒక అడ్డవరస, అందులో రెండు గడులు, పేరు ఒకటి, రేవు ఒకటి. అంతే కదా, అది కదా, ముందే తెలిసిందే కదా, ఎందుకు రాయలేదు? టేబుళ్ళు వాడకండి, అది పాతకాలం పని అని శశిభూషణ్ గారు చెప్పగా చెప్పగా టేబులన్న మాటే బూతుమాటై కూర్చుంది బుర్రలో. ల్యాండ్‌లైన్ తీసి ఆయనకి చేసింది. అదృష్టం, కలిసింది. ఏం జరిగిందో గబగబా చెప్పి, “సార్, టేబుల్ పెట్టేస్తానండి” అంది, గొంతు కాస్త గట్టిగానే వచ్చింది.

“పేజీ సర్దడానికి టేబుల్ వద్దన్నాను గానీ పట్టిక రాయడానికి వద్దన్నానా అమ్మా? పెట్టెయ్. పెట్టేసి రెండింట్లోనూ చూశాకే ఎక్కించు. కంగారు పడకు.” ఫోను పెట్టేయబోయి, “మీ అన్నయ్యది వచ్చిందా?” అన్నారు.

“ఇంకా లేదండి.”

“వస్తాడు. ముందు నువ్వు పని కానియ్.”

వేళ్ళు పరిగెత్తాయి. ముందు పేర్లన్నీ, తర్వాత రేవులన్నీ అని రాసుకున్నదంతా కొట్టేసింది, ఒక బోటు తీసుకో, వరస తెరువు, పేరు పెట్టు, రేవు పెట్టు, వరస ముయ్యి, తర్వాతి బోటు. పిడుగు పడింది ఎక్కడో పోర్టు వైపు, దీపం ఒకసారి వెలవెలబోయి నిలబడింది, నిలబడవే తల్లీ, ఇంకాసేపు. ఎంత హాయిగా వస్తోందో రాస్తుంటే, నాన్న దగ్గర కూర్చుని తెగిన వల కట్టినప్పుడు ఇలాగే ఉండేది, ఏ దారం ఎక్కడికెళ్ళాలో వేలికే తెలిసేది. ఫైర్‌ఫాక్స్‌లో చూసింది, పక్కాగా ఉంది. పాత మెషిను దగ్గరికెళ్ళి ఎక్స్‌ప్లోరర్లో చూసింది. ప్రసాదం కిందికి దిగింది, దాంతోపాటు దాని వరసంతా పెరిగింది, కింది బోట్లు రేవులతో సహా ఒద్దికగా జరిగాయి. కలిసింది! కానీ ఇదేంటి, కబురు రాని బోట్ల దగ్గర గడి గీతలే లేవు, ఎవరో పన్ను పీకేసినట్టు అక్కడ మాయం. ఖాళీ గడికి ఈ ఎక్స్‌ప్లోరర్ గీత గీయదు. లోపల ఏదైనా ఉంటేనే అది గడి, లేకపోతే లేనట్టే. కనపడని అక్షరం ఒకటి పెట్టి గీత రప్పించొచ్చు, అందరూ చేసేదదే, వేలు దాని మీదికి వెళ్ళింది కూడా. ఆగింది. ఖాళీ చూసే కదా అప్పాయమ్మత్త ఇసకలో కూలబడింది. ఖాళీ అంటే ఏంటో ఎవరికి తెలుసు, ఎవరి భయం వాళ్ళు నింపుకుంటారు అందులో. ఇక్కడ మాట ఉండాలి. ఏ మాట? చేరలేదు అని రాయబోయింది. చేరలేదని తనకేం తెలుసు? చేరి ఉండొచ్చు, ఫోను దొరక్కపోవచ్చు. తప్పిపోయింది అనేది మరీ పాపం. తనకి తెలిసింది ఒక్కటే, అదే రాయాలి, దానికి ఇవతలా వద్దు, అవతలా వద్దు. ఇంకా కబురు అందలేదు. కొట్టింది. ఒకచోట కొడితే రాని బోట్లన్నిటికీ వచ్చింది, నూకాలమ్మ దీవెన పక్కన కూడా వచ్చింది, తన అన్న పక్కన, తన చేత్తో.

అక్షరం పెద్దది చేసింది. ఇంకా పెద్దది చేసింది. తెర మీద కిటికీని సగానికి నొక్కింది, వెడల్పు చేసింది, మళ్ళీ నొక్కింది. ఎటు లాగినా, ఎంత నొక్కినా, ఏ బోటు దాని రేవుని వదల్లేదు. అన్నవరం దేవుడి పేరు మూడు లైన్లయింది, అయినా వదల్లేదు. ఎక్కించేసింది. ఇప్పుడు ఒడ్డు పొడుగునా ఏ ఊళ్ళో, ఏ డొక్కు కంప్యూటర్లో చూసినా చిట్టియ్య మామ పారదీప్‌లో ఉన్నాడు. వీరవేణి తొడ చరుచుకుంది, నిజంగానే చరుచుకుంది, ఆ చప్పుడికి తనే ఉలిక్కిపడి నవ్వింది, అన్న కబురు లేకుండా ఈ నవ్వేంటి అనుకుంది, అనుకున్నా నవ్వు ఆగలేదు, ఒంటరిగా సముద్రంతో కుస్తీ పట్టి ఒక చెయ్యి విరిచినట్టుంది.

సెల్ మోగింది. అమ్మ. ఈసారి గొంతులో ఊపిరే లేదు. “వేణీ, పేజీ దానంతటదే మారిపోయిందే. మనది పోయింది.”

“పోలేదమ్మా. ఇందాకటిదే తప్పు. ఇప్పుడక్కడ ఏం రాసుందో నువ్వే చదువు.”

అమ్మ కూడబలుక్కుంది. “ఇంకా… కబురు… అందలేదు.”

“రాలేదని కాదమ్మా. కబురు అందలేదని. అంతే.”

వీరవేణి పెదవి కొరుక్కుంది. ఏడుస్తుందేమో, తిడుతుందేమో, తిట్టినా బాగుండును. అమ్మ అడిగింది, “మళ్ళీ మారదు కదా ఇది?”

“ఇక మీదట మారిందంటే నిజంగా కబురొచ్చినట్టేనమ్మా.”

“పారదీప్ అప్పాయమ్మదా అయితే?”

“అవునమ్మా.”

అమ్మ గొంతు తడిగానే ఉంది గానీ నిలబడింది. “అయితే ఉండు, ఫోను కట్టెయ్యకు, మళ్ళీ దొరకదు. అప్పాయమ్మని లేపుకొస్తాను. దాని మొగుడి పేరు దాని కళ్ళతో అది చూసుకోవాలి.” ఫోను బల్ల మీద పెట్టిన చప్పుడు, కుర్చీ జరిగిన చప్పుడు, దూరంగా అమ్మ కేక, అప్పాయీ, లెగవే, లెగు, నీదే వచ్చిందే, మాది కాదు నీది, లెగు. అడుగులు. ఎవరో ముక్కు చీదారు. అబ్బులు నెమ్మదిగా, గంగాభవాని, పారదీప్ చేరింది, అంటున్నాడు. ఆ తర్వాత అప్పాయమ్మత్త ఏడుపు, ఆ ఏడుపు వింటే చాలు ఎలాంటి ఏడుపో తెలుస్తుంది, అందులో నవ్వు పొర్లుతోంది, దాని కింద అమ్మ, ఊరుకో ఊరుకో, చెప్పానా నేను, చెప్పానా, అంటోంది. సొంత కొడుకు కబురు లేని అమ్మ. ఆ అమ్మని ఇంత గొప్పగా తను ఎప్పుడూ చూడలేదు, ఇప్పుడూ చూడడం లేదు, వింటోంది. చెవి ఎర్రబడేలా ఫోను అదుముకుంది.

బల్ల మీద ల్యాండ్‌లైన్ మోగింది. లాజరు గారు. అటు వంద గొంతులు, ఆయన అరుస్తున్నారు. “వేణమ్మా, రాసుకో, పారదీప్!”

“ఏ బోటండి?”

“నూకాలమ్మ దీవెన! ఇంజను ఆగిపోతే గంగాభవాని నడిపే సరంగు చూసి కబురు పెట్టాడంట, ఇంకో బోటు వెళ్ళి కట్టి లాక్కొచ్చింది, మనుషులందరూ క్షేమం, మీ అన్నే లైన్లోకొచ్చి పేరు చెప్పాడమ్మా, మా చెల్లి బొమ్మలు సర్దుతూ ఉంటుంది, కాస్త అచ్చుతప్పు లేకుండా కొట్టమనండి అన్నాడు! విన్నావా?”

విన్నానండి అందో లేదో తెలియదు. ఒక చెవికి సెల్, ఒక చెవికి ల్యాండ్‌లైన్, రెండూ భుజాలతో నొక్కి పట్టుకుని కొట్టింది, ప, ర, మళ్ళీ చెరిపింది, పారదీప్, కొట్టింది, చేరింది, కొట్టింది, సేవ్. సెల్‌లోకి అమ్మా అని అరిచింది. అమ్మా, అబ్బులన్నా, ఎవరైనా తియ్యండి! ఫోను అక్కడ బల్ల మీద పడుంది, వాళ్ళందరూ అప్పాయమ్మత్త చుట్టూ ఉన్నారు, ఎవరికీ వినపడడం లేదు. తన తెర మీద పేజీ దానంతటదే మారింది. మూలనున్న పాత మెషిను మీద మారింది. రెండింట్లోనూ ఒకే వరసలో, అన్న బోటు, అన్న రేవు. అంటే అక్కడ కూడా… వాన. అప్పాయమ్మత్త వెక్కిళ్ళు. ఎవరో, ఒక ముసలి గొంతు, అబ్బులు కాదు, అమ్మ కాదు, తనంతట తను కూడబలుక్కుంటూ, నూ… కా… లమ్మ… అంటోంది. ఆ పేరు పూర్తవకముందే సెల్‌లోంచి ఒక హోరు లేచింది, కుర్చీలు పడిపోయాయి, ఎవరో ఈల వేశారు, ఆడవాళ్ళందరూ ఒక్కసారే అరుస్తున్నారు, అందులో అమ్మ గొంతు ఏదో తేల్చుకోలేకపోయింది, అన్నీ అమ్మ గొంతుల్లాగే ఉన్నాయి, వీరవేణి కుర్చీలోంచి లేచి, ఖాళీ ఆఫీసులో ఒక్కతే, రెండు చేతులూ పైకెత్తి, కింద షట్టరు దడదడని మించిపోయేలా అరిచింది.